చెవులున్న కోట

చప్పట్లు కొట్టి తిరిగొచ్చేస్తే గోల్కొండను సగమే చూసినట్టు. ఆ చప్పుడుతో రాజులకు ఏం పని పడింది? ఈ కోట ఇంకా ఏమేం విన్నది? దేన్ని వినిపించుకోలేదు? మిగతా సగం అందులోనే ఉంది.

మాఘమాసపు ఎండ ఇంకా చురుక్కుమనడం లేదు. కొండ కొసన ఉన్న బారాదరి మంటపంలో నిలబడి ఉన్నాను. కింద, బాలా హిస్సార్ దర్వాజా దాటగానే వచ్చే గుమ్మటం దగ్గర మా తమ్ముడు, వాడి పదేళ్ల కూతురు ఉన్నారు. మా మధ్య మూడు వందలకు పైగా మెట్లు, ఇళ్లంతేసి బండరాళ్లు, కూలిన గోడలు. "నువ్వు పైకెళ్లి ఫోన్ చెయ్యత్తా. పది లెక్కపెట్టి కొడతా" అని మేనకోడలు నాతో ఒప్పందం చేసుకుంది. ఫోన్ చేసి, పెట్టేసి, చెవి ఒగ్గి నిలబడ్డాను. గాలి హోరు. ఎవరి చంకలోనో పిల్లాడి మారాం. ఆ రెంటి మధ్యలోంచి, పక్కనే ఎవరో చెక్కముక్కలు తట్టినట్టు మూడుసార్లు వినిపించింది. టక్, టక్, టక్.

చిన్నప్పుడు స్కూలు విహారయాత్రలో విన్నాను. చుట్టాలొచ్చినప్పుడల్లా తీసుకొచ్చి వినిపించాను. అయినా ఆ చప్పుడు చెవిన పడగానే ఒళ్లు జలదరిస్తుంది. మైకు లేదు, తీగ లేదు. నాలుగైదు వందల ఏళ్ల నాటి రాయి, సున్నం కలిసి ఒక చిన్నపిల్ల అరచేతుల చప్పుడును కొండ మీదికి మోసుకొచ్చాయి.

అరగంటకు ఆయాసపడుతూ మేనకోడలు పైకొచ్చింది. వచ్చీ రాగానే అడిగింది: "అత్తా, ఇక్కడినుంచి మనం కొడితే కింద వినిపిస్తుందా?"

నాకు తెలియదు. ఎప్పుడూ ఆలోచించలేదు. పక్కనే వేరే కుటుంబానికి కోట చూపిస్తున్న పెద్దాయన, నలభై ఏళ్లుగా ఇక్కడే గైడుగా పనిచేస్తున్నాడట, ఆ మాట విని నవ్వాడు. "పైనున్నోళ్లకు కింద ఏం జరుగుతున్నదో తెల్వాలె గని, కిందున్నోళ్లకు పైన సంగతి ఎందుకు బిడ్డా?" అన్నాడు.

ఆ మాట పట్టుకునే ఈసారి కోట దిగాను. గోడలకు చెవులుంటాయని మనం ఊరికే అంటాం. ఇక్కడి గోడలకు నిజంగానే చెవులున్నాయి. ఎవరి కోసం విన్నాయన్నదే అసలు కథ.

దర్వాజా దగ్గరే యుద్ధం

మెహదీపట్నం దాటి లంగర్‌హౌజ్ మీదుగా వచ్చేవారికి ముందు ఎదురయ్యేది ఫతే దర్వాజా. ఆటోలు, స్కూటర్లు, బడిపిల్లల రిక్షాలు రోజూ దాని కిందినుంచే పోతుంటాయి. అది బయటి ప్రాకారం ద్వారం. ఆ ప్రాకారానికి 87 బురుజులు, 8 దర్వాజాలు. బంజారా దర్వాజా, మక్కా దర్వాజా, మోతీ దర్వాజా పేర్లు ఇప్పటికీ ఇక్కడివారి నోట చిరునామాలుగా నడుస్తున్నాయి. ఆ ప్రాకారం లోపల ఒక ఊరు, ఆ ఊరి నడుమ ఇంకో గోడ, ఆ గోడ లోపల సుమారు 400 అడుగుల గ్రానైటు కొండ, ఆ కొండ నెత్తిన రాజు. టికెట్టు కొని మనం అడుగుపెట్టేది బాలా హిస్సార్ దర్వాజా నుంచి.

అక్కడ ఒక్క నిమిషం తల పైకెత్తి చూడండి. జనం తోసుకుంటూ లోపలికి పోతారు గాని, ఈ కోట స్వభావమంతా ఆ ద్వారబంధం మీదే ఉంది. పైన గచ్చుతో మలిచిన నెమళ్లు, పురి బరువుగా వెనక్కి వాల్చి, చిన్న గూటికి చెరోవైపు నిలబడి ఉంటాయి. వాటి కింద రాతి దూలం మీద యాళి బొమ్మలు. గుళ్లలో స్తంభాల మీద కనిపించే ఆ యాళులు సుల్తానుల కోట గుమ్మానికి కాపలా కాస్తున్నాయి. ఇక్కడి శిల్పికి వచ్చిన పని ఇది. రాజు మతం మారినా ఉలి పట్టిన చెయ్యి మారలేదు.

తలుపుల మీద ఇనుప ముళ్లు. మావటి ఏనుగును ఉసిగొల్పి తలుపు బద్దలుకొట్టించడం ఆనాటి యుద్ధంలో మామూలు. అందుకే ముళ్లు. అంతేకాదు, దర్వాజాకు ఎదురుగా అడ్డుగోడ ఒకటి కట్టారు. ఏనుగు దూరం నుంచి పరుగెత్తుకొచ్చి కుమ్మాలంటే తిన్నని దారి దొరకదు. మలుపు తిరగాలి, వేగం తగ్గాలి. ఆ తగ్గిన క్షణంలో పైనున్న సైనికులు తమ పని కానిస్తారు.

ఇన్ని దాటుకుని లోపలికొస్తే చప్పట్ల గుమ్మటం. తల ఎత్తి చూస్తే లోకప్పు నునుపుగా ఉండదు. పలకలు పలకలుగా, సానబట్టిన రవ్వలా మలిచి ఉంటుంది. కింద పుట్టిన చప్పుడు ఆ పలకలకు తగిలి చెదిరిపోకుండా పోగుపడి పైకి సాగుతుంది. రెండడుగులు పక్కకు జరిగి కొట్టి చూడండి, మామూలు చప్పట్లే. సరిగ్గా నడిమధ్యన నిలబడితేనే కొండ వింటుంది. ద్వారం దగ్గరికి ఎవరొచ్చారో, మిత్రుడో శత్రువో, పైనున్న రాజుకు తెలియజేయడానికి ఈ ఏర్పాటు. మనకు వినోదంగా మిగిలిన ఈ చప్పట్లు ఆనాడు కాపలావాడి ఉద్యోగం.

గొల్లవాడి కొండ

పేరు మనదే. గొల్లకొండ. మంగళవారం కొండ మీద ఒక గొల్లపిల్లాడికి అమ్మవారి విగ్రహం దొరికిందని, ఆ సంగతి విన్న కాకతీయ ప్రభువు అక్కడ మట్టికోట కట్టించాడని జనం చెప్పుకునే కథ. కాకతీయుల తర్వాత ముసునూరి కాపయ నాయకుడి చేతుల్లోంచి 14వ శతాబ్దంలో ఇది బహమనీ సుల్తానులకు దక్కింది. ఆ బహమనీల కొలువులోకి ఇరాన్‌లోని హమదాన్ నుంచి వచ్చినవాడు సుల్తాన్ కులీ. తెలంగాణ పాలకుడిగా నియమితుడై, బహమనీ రాజ్యం ముక్కలవుతున్న కాలంలో 1518లో తన కుతుబ్‌షాహీ రాజ్యం తాను ఏర్పరచుకున్నాడు. గోల్కొండ అప్పుడు రాజధాని అయింది. మట్టిగోడ రాతిగోడ కావడం మొదలైంది.

ఆ గోడల్ని దగ్గరగా చూడటం నాకు ఇష్టం. కొండ మీదున్న సహజమైన బండల్ని పగలగొట్టలేదు, తొలగించలేదు. బండ ఎక్కడుంటే అక్కడిదాకా గోడ వచ్చి, దాన్ని ఒడిలోకి తీసుకుని, మళ్లీ అవతలివైపు మొదలవుతుంది. కోట ఎక్కడ అయిపోయిందో, కొండ ఎక్కడ మొదలైందో కొన్నిచోట్ల చెప్పలేం. దక్కను పీఠభూమి తన రాళ్లతో తానే కట్టుకున్నట్టుంటుంది.

ఇంత గట్టి కోటలోనూ ఇంటిపోరు తప్పలేదు. 1543లో, ముసలితనంలో, ప్రార్థనలో ఉండగా సుల్తాన్ కులీ హత్యకు గురయ్యాడు. చేయించినవాడు కొడుకు జంషీద్. అన్న చేతికి చిక్కకుండా పారిపోయిన తమ్ముడు ఇబ్రహీం విజయనగరంలో అళియ రామరాయల నీడన ఏడేళ్లు తలదాచుకున్నాడు. తెలుగు అక్కడే ఒంటబట్టింది. 1550లో గద్దెనెక్కిన ఆ ఇబ్రహీమే మన కవుల నోట మల్కిభరాముడు అయ్యాడు. అద్దంకి గంగాధరకవి తన 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. పొన్నెగంటి తెలగన్న అచ్చతెనుగులో రాసిన 'యయాతి చరిత్ర'ను అంకితం తీసుకున్నది ఆయన అధికారి, పటాన్‌చెరు అమీన్‌ఖాన్. హుస్సేన్‌సాగర్ తవ్వకం ఇబ్రహీం కాలానిదే. అదే ఇబ్రహీం 1565లో తనకు అన్నం పెట్టిన రామరాయలకు ఎదురుగా, తోటి సుల్తానుల పక్షాన నిలబడ్డాడు. ఆ యుద్ధంలో రామరాయలు తల పోగొట్టుకున్నాడు. ఒక్క మనిషిలోనే ఇంత ప్రేమ, ఇంత రాజకీయం. గోల్కొండ చరిత్ర అంతా ఇలాగే ఉంటుంది. మంచివాళ్లు, చెడ్డవాళ్లు అని రెండు బుట్టల్లో వేద్దామంటే ఇమడదు.

జనం పెరిగి, నీళ్లు చాలక కోటలోని ఊరు ఇరుకైపోయాక ఇబ్రహీం కొడుకు మహమ్మద్ కులీ మూసీ అవతలి ఒడ్డున 1591లో కొత్త నగరానికి పునాది వేశాడు. అదే హైదరాబాద్. చార్మినార్ తల్లి కాదు, కూతురు. తల్లి ఈ కొండ మీదే ఉండిపోయింది, ఆపద వచ్చినప్పుడల్లా బిడ్డల్ని లోపలికి తీసుకుని తలుపులేసుకోవడానికి.

కొండెక్కిన నీళ్లు

మెట్లెక్కుతుంటే కుడి ఎడమల్లో గోడ పెచ్చులూడిన చోట్ల ఒక వస్తువు కనిపిస్తుంది. మోచేతి లావు మట్టి గొట్టం. ఒకదాని మూతి ఇంకోదానిలో దూర్చి, సున్నంతో అతికి, గోడ కడుపులో దాచిన వరస. చెయ్యి పెట్టి తడిమితే లోపల ఇంకా నున్నగా ఉంటుంది. ఏ కుమ్మరి సారె మీద తిరిగిందో. రాజుల పేర్లు శాసనాల్లో ఉన్నాయి. ఈ గొట్టం చేసినవాడి పేరు ఎక్కడా లేదు, వాడి వేలి జాడ మాత్రం దీని మీద ఉంది.

కోటకు నీళ్లు దుర్గం చెరువు నుంచి వచ్చేవి. వచ్చిన నీళ్లు కింది తొట్టిలో చేరితే, అక్కడినుంచి ఎద్దులు తిప్పే కుండల చక్రాలతో పై తొట్టికి, ఆ తొట్టి నుంచి ఇంకా పై తొట్టికి, అంచెలంచెలుగా కొండ కొసదాకా తోడేవారు. పైకి చేరిన నీళ్లు మట్టి గొట్టాల్లోంచి తమంతట తామే కిందికి దిగి మహళ్లలోకి, స్నానపు గదుల్లోకి, తోటల్లోని ఫౌంటెన్లలోకి పారేవి. ఎక్కించడానికి ఎద్దుల చెమట, దింపడానికి భూమి ఆకర్షణ. లెక్క అంతే. కానీ ఆ లెక్క తప్పకుండా ఇన్ని అంతస్తుల్లో గొట్టాల వాలు కుదిర్చిన మేస్త్రీల పనితనం ముందు నా నోట మాట రాదు.

బారాదరి మీదినుంచి పడమర, ఉత్తరాల వైపు చూస్తే ఇప్పుడు అద్దాల మేడలు కొండలకు పోటీగా లేచి కనిపిస్తాయి. వాటి నడుమ ఎక్కడో ఆ దుర్గం చెరువు ఉంది. 2020లో దాని మీద తీగల వంతెన వచ్చింది. సాయంత్రాలు జనం అక్కడికి రంగుల దీపాల వెలుగులో ఫొటోల కోసం వెళతారు. ఒకప్పుడు ఒక రాజధాని దప్పిక తీర్చిన చెరువది. ఫొటో తీసుకునేటప్పుడు ఆ మాట కూడా ఒకసారి గుర్తొస్తే బాగుండుననిపిస్తుంది.

కృష్ణ ఒడ్డున రవ్వ, లోకమంతా పేరు

గోల్కొండ వజ్రం అంటారు గాని గోల్కొండలో వజ్రాలు దొరకలేదు. దొరికింది ఈ రాజ్యపు గనుల్లో, ముఖ్యంగా కృష్ణ ఒడ్డున కొల్లూరులో. అమ్మకాలు, కొనుగోళ్లు, సానబట్టడం మాత్రం ఈ కోట నీడన, కార్వాన్ వీధుల్లో. ఫ్రెంచి వర్తకుడు తావెర్నియె 17వ శతాబ్దంలో ఇక్కడికి పలుమార్లు వచ్చాడు. కొల్లూరు గనిలో ఆడా మగా పిల్లాజెల్లా కలిపి అరవై వేల మంది దాకా పనిచేస్తుండగా చూశానని రాసుకున్నాడు. నేల తవ్వి, మట్టి కడిగి, ఆరబోసి, చెరిగి, ఒక్కో గులకరాయినీ వేళ్లతో వెతికిన అరవై వేల మంది. పెద్ద రాళ్లన్నీ రాజువి. వాళ్లకు దక్కింది కూలి.

ఆ రాళ్లలో హోప్ వజ్రం ఇప్పుడు వాషింగ్టన్ మ్యూజియంలో, రీజెంట్ వజ్రం పారిస్‌లోని లూవ్ర్ సేకరణలో ఉన్నాయి. కొల్లూరే పుట్టిల్లని చాలామంది నమ్మే కోహినూర్, థేమ్స్ ఒడ్డున మరో రాజధానిలో, మరో మధ్యయుగపు రాచకోటలో, టవర్ ఆఫ్ లండన్‌లో అద్దాల వెనక ఉంది. అక్కడ ఆ రాయి ముందు వరసలో నిలబడే తెలుగువారు ఎందరో. ఆ రాయి ఊరు చూద్దామంటే మాత్రం దారి లేదు. కొల్లూరు గనుల నేల పులిచింతల జలాశయం నీటిలో మునిగింది. కోట మిగిలింది, రవ్వ సముద్రాలు దాటింది, గని నీళ్లపాలైంది.

వినిపించని పాట

ఎక్కిన దారినే దిగుతుంటే ఒకచోట జనం చెప్పులు విడిచి లోపలికి వెళ్తుంటారు. గుడి కాదు, చెరసాల. మొదట సరుకులు దాచే గిడ్డంగి అట. భద్రాచలం రామయ్యకు గుడి కట్టించిన తహసీల్దారు కంచర్ల గోపన్న, మన రామదాసు, బందీగా ఉన్నది ఇక్కడేనని చెబుతారు. లోపల చల్లగా, మసకగా ఉంటుంది. పైకప్పులో చిన్న రంధ్రం. అందులోంచి పడే వెలుగు నేల మీద చిన్న ముక్కగా వాలి, పొద్దు జరిగేకొద్దీ జరుగుతుంటుంది. గోడ మీద సీతారామ లక్ష్మణులు, ఆంజనేయుడు. రామదాసే చెక్కుకున్నాడని నమ్మకం. పసుపు కుంకుమలు అద్దీ అద్దీ ఆ బొమ్మల కొసలు మెత్తబడ్డాయి.

ఖజానా సొమ్ము గుడికి వాడాడన్నది నేరం. పన్నెండేళ్లు ఈ చీకట్లో ఉన్నాడని మన పెద్దలు చెప్పుకున్నారు. మేనమామలు అక్కన్న, మాదన్నలు ఇదే కోటలో కొలువు నడుపుతున్నవారు. మాదన్న సాక్షాత్తూ అప్పటి సుల్తాను తానీషాకు ప్రధానమంత్రి. వారి కచేరీ శిథిలాలు ఈ గోడలకు కూతవేటు దూరంలోనే ఉన్నాయి. అయినా మేనల్లుడు లోపలే. ఆ లోపల కూర్చునే ఆయన రాముణ్ని వేడుకున్నాడు, నిష్ఠూరమాడాడు, ఎవరి నగకు ఎంతెంత ఖర్చయిందో పద్దులు అప్పజెప్పాడు, ఎవడబ్బ సొమ్మని నిలదీసి, మళ్లీ అంతలోనే తప్పయిందని కాళ్లు పట్టుకున్నాడు. ఒక తహసీల్దారు లెక్కల భాషలోనే భక్తిని పాడినవాడు తెలుగులో ఇంకొకడు లేడు.

ఆ మసక వెలుగులో కూర్చుంటే పొద్దున గైడు అన్న మాట మళ్లీ గుర్తొచ్చింది. గుమ్మం దగ్గర వేళ్లు కదిలితే వినే కోట ఇది. కొండ మీది రాజు కోసం గోడకు, కప్పుకు చెవులు చెక్కించిన కోట. తన కడుపులోనే ఒక మనిషి ఏళ్ల తరబడి పాడుతుంటే ఆ పాట పైదాకా ఎక్కలేదు. కాపలా కోసం కట్టిన చెవికి శత్రువు అడుగే వినిపిస్తుంది, బందీ గొంతు వినిపించదు. కానీ ఆ పాట ఆగిందా? రాజుకు వినిపించని పాట ఊరూరికీ వినిపించింది. గోల్కొండ చప్పుడు కొండ కొసదాకా వెళ్లి ఆగిపోతుంది. గోల్కొండ చెరలో పుట్టిన పాట ఇవాళ్టికీ ఏ పల్లె భజనమందిరంలోనైనా, ఏ దేశంలోని తెలుగింట్లోనైనా వినిపిస్తుంది.

చివరికి రామోజీ, లక్ష్మోజీ అనే ఇద్దరు కుర్రవాళ్లుగా రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షల వరహాలు కట్టి రసీదు తీసుకెళ్లారని కథ. నమ్మేవారికి అది సత్యం. ఆ తర్వాత తానీషా భద్రాద్రి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ మొదలుపెట్టాడంటారు. ఏటా శ్రీరామనవమికి ప్రభుత్వం తరఫున తలంబ్రాలు ఇప్పటికీ వెళ్తున్నాయి. ఆలస్యంగానైనా కోట ఆ పాట విన్నదనడానికి అదే సాక్ష్యం అనుకుంటాను.

కుక్క మొరిగిన రాత్రి

1687 ఆరంభంలో ఔరంగజేబు సైన్యంతో స్వయంగా వచ్చి గోల్కొండను చుట్టుముట్టాడు. అప్పటికే హైదరాబాద్ నగరం చేజారింది, అంతకుముందటి ఏడు మాదన్న, అక్కన్నలు వీధిలో హత్యకు గురయ్యారు. తానీషా కోటలో తలుపులేసుకున్నాడు. ఎనిమిది నెలలు. ఫిరంగులు పేల్చినా, నిచ్చెనలు వేసినా గోడ లొంగలేదు.

ఆ ముట్టడిలోని ఒక రాత్రి గురించి మొగలు చరిత్రకారులే రాసి పెట్టారు. చీకట్లో మొగలు సైనికులు కొందరు నిచ్చెనలు వేసుకుని చడీచప్పుడు లేకుండా గోడెక్కేశారు. కాపలావాళ్లు పసిగట్టలేదు. పైనున్న ఒక వీధికుక్క పసిగట్టింది. దాని అరుపుకు కోట లేచి కూర్చుంది. ఎక్కినవాళ్లను కిందికి తోసేసింది. మర్నాడు తానీషా ఆ కుక్క మెడకు బంగారు గొలుసు వేయించాడట. ఇన్ని ఏర్పాట్లున్న కోటను ఆ రాత్రి కాచింది ఏ మేస్త్రీ కట్టని చెవి.

తర్వాత మొగలులు గోడల కిందికి సొరంగాలు తవ్వి మందుగుండు కూరారు. లోపలివాళ్లు కనిపెట్టి ఎదురు సొరంగాలు తవ్వి దాన్ని చెడగొట్టారు. పేలిన మందు మొగలుల మీదికే తిరగబడింది. వానలు ముంచెత్తాయి. బయట శిబిరంలో కరువు. బలంతో కానిది అప్పుడు డబ్బుతో మొదలైంది. తానీషా సర్దారులు ఒక్కొక్కరే అటువైపు జారుకున్నారు. సెప్టెంబరులో ఒక రాత్రి, కాపలా సర్దారు అబ్దుల్లాఖాన్ పన్నీ తలుపు తెరిచి పెట్టాడు. చప్పట్లు లేవు, మొరుగుడు లేదు. లోపలి మనిషే తీసిన తలుపుకు చప్పుడెక్కడిది?

అందరూ అమ్ముడుపోలేదు. అబ్దుర్రజాక్ లారీ అనే సర్దారు వార్త వినగానే జీను కూడా సరిగా వేయని గుర్రమెక్కి, కొద్దిమందితో ఆ ప్రవాహానికి ఎదురెళ్లాడు. ఒంటినిండా గాయాలతో కొబ్బరిచెట్టు కింద పడి ఉన్నవాణ్ని మర్నాడు గుర్తించారు. అతని విశ్వాసం చూసి ఔరంగజేబే వైద్యుల్ని పెట్టి బతికించాడు. తానీషా మాత్రం తనను పట్టుకోవడానికి వచ్చినవారిని కూర్చోబెట్టి, భోజనం ముగించి, వారితో నెమ్మదిగా బయల్దేరాడని రాశారు. దౌలతాబాద్ కోటలో బందీగా చివరి ఏళ్లు గడిపి అక్కడే కన్నుమూశాడు. కోట ఉత్తరాన తనకు ముందటి సుల్తానుల గుమ్మటాల తోట ఉంది. అక్కడ ఆయనకు చోటు దక్కలేదు. రామదాసును బందీ చేసినవాడు తానూ బందీ అయ్యే పోయాడు.

మన చేతిలో ఉన్నది

ఇవాళ బయటి ప్రాకారం లోపల వేల కుటుంబాలు కాపురముంటున్నాయి. పాల ప్యాకెట్ల దుకాణాలు, ఇరానీ చాయ్ హోటళ్లు, గాలిపటాలు ఎగరేసే పిల్లలు. ఈ కోట ఇంకా ఖాళీ కాలేదు. 2014 ఆగస్టు 15న కొత్త రాష్ట్రం తన మొదటి స్వాతంత్ర్య దినోత్సవ జెండాను ఎగరేసింది ఇక్కడే. గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు, చార్మినార్ కలిపి 2010 నుంచి యునెస్కో తాత్కాలిక జాబితాలో ఉన్నాయి. పక్కనున్న సమాధుల తోట కొన్నేళ్ల ఓపికైన పనితో మళ్లీ కళకళలాడుతోంది. సున్నం, బెల్లం, కరక్కాయ లాంటి పాతకాలపు సరంజామాతో మళ్లీ పని నేర్చుకున్న చేతులు మన దగ్గర ఉన్నాయని ఆ తోట చెబుతుంది.

కోటకూ ఆ శ్రద్ధ కావాలి. 2020 అక్టోబరు వానలకు లోపల గోడ కొంత కూలింది. వాన కన్నా మేకు గీతలే నన్ను ఎక్కువ బాధపెడతాయి. బారాదరి గచ్చు మీద, రాణిమహల్ గూళ్లలో, పేర్లు, హృదయాలు, ఫోన్ నంబర్లు. ఆ గచ్చును వేళ్లతో నునుపు చేసినవాడు తన పేరు రాసుకోలేదు. మనం రాస్తున్నాం. పిల్లల్ని తీసుకెళ్లేవారు ముందు ఈ ఒక్క మాట చెప్పి తీసుకెళ్లండి.

వెళితే పొద్దున్నే వెళ్లండి. ఎండ ముదిరితే గ్రానైటు పొయ్యిలా కాగుతుంది. జారని చెప్పులు, నీళ్ల సీసా తప్పనిసరి. కనీసం మూడు గంటలు పెట్టుకోండి. ఎక్కేటప్పుడు ఆయుధాగారం, రామదాసు చెర, ధాన్యం దాచిన అంబర్‌ఖానా, కొస దగ్గర ఇబ్రహీం మసీదు, బండల నడుమ జగదాంబిక గుడి, ఆపైన బారాదరి. దిగేటప్పుడు రాణిమహళ్లు, తారామతి మసీదు. వీలైతే బయట నయాఖిలాలో, ఆఫ్రికా నుంచి వచ్చి వందల ఏళ్లుగా ఇక్కడే వేళ్లూనుకున్న ఏనుగంత చెట్టును కూడా పలకరించండి. స్థానికులు దాన్ని హతియాఁ కా ఝాడ్ అంటారు.

ఆషాఢం ఆదివారం

మాఘంలో మేనకోడలు అడిగిన ప్రశ్నకు జవాబు ఆషాఢంలో దొరికింది.

జంటనగరాల్లో బోనాల పండగ గోల్కొండ జగదాంబిక గుడిలోనే మొదలవుతుంది. ఇక్కడ తొలి బోనం ఎక్కాకే ఉజ్జయిని మహంకాళి, లాల్‌దర్వాజా. ఆ నెలలో గురువారాలు, ఆదివారాలు కోట మెట్లు కనిపించవు. పసుపు పూసిన కుండలు, వేపకొమ్మలు, వాటి మీద వెలిగే దీపాలు. అన్నం, పెరుగు, బెల్లం. పోతరాజు కొరడా గాలిలో పలుకుతుంటే, తొట్టెలు ఊగుతుంటే, డప్పు మెట్టు మెట్టునా పైకెక్కుతుంది. నెమళ్లు, యాళులు ఉన్న ఆ దర్వాజా కిందినుంచే, ఆ చప్పట్ల గుమ్మటం దాటుకునే. పక్కన ఇబ్రహీం మసీదు, పైన అమ్మవారి గుడి, ఒకే కొండ.

నేను సగం దారిలో ఆగిపోతే, నెత్తిన బోనమున్న ఒక పెద్దావిడ నన్ను దాటుతూ అంది: "దమ్మొస్తున్నదా బిడ్డా? కూసోకు, కూసుంటే కాళ్లు పడ్తయి. అమ్మను తల్సుకుంట ఎక్కు." ఆమె కుండ కదల్లేదు. ఆమె ఎక్కుతున్నది ఒకప్పుడు రాజు పల్లకీలో వెళ్లిన మెట్లు. నీళ్లెత్తిన ఎద్దుల వాళ్లు, గొట్టాలు చేసిన కుమ్మరులు, రాళ్లు మోసిన వడ్డెరలు, వాళ్ల మనవరాళ్ల మనవరాళ్లు ఇవాళ కోట కొసకు చేరుతున్నారు. ఎవరి అనుమతీ అక్కర్లేకుండా.

దర్శనం చేసుకుని, సాయంత్రానికి దిగి, బాలా హిస్సార్ దగ్గరి గుమ్మటం కిందికొచ్చాను. ఆ రోజు అక్కడ చప్పట్లు కొట్టే తీరిక ఎవరికీ లేదు. ఒక్క క్షణం కళ్లు మూసుకుని నిలబడ్డాను. కొండ కొసన డప్పు మోగుతోంది. దరువు దరువుకూ తేడా తెలుస్తోంది.

ఫోన్ తీసి మా తమ్ముడింటికి చేసి, మేనకోడల్ని పిలవమన్నాను. "నువ్వడిగావే, పైన కొడితే కింద వినిపిస్తుందా అని..." అంటూ ఫోన్‌ను గాల్లోకి ఎత్తి పట్టుకున్నాను.

కాసేపటికి అటునుంచి చిన్న గొంతు.

"వినిపిస్తోందత్తా."